ఓడ పొగ లెక్కలు – మూడవ పాఠం: బంకర్ రసీదు చదవడం

కిందటి పాఠం చివర ఇచ్చిన లెక్కతో మొదలుపెడదాం: ఒక ఓడ రోజుకు ఎంత సల్ఫర్ డయాక్సైడ్ వదులుతుంది? ఓడ రోజుకు 40 టన్నుల ఇంధనం కాలుస్తుంది, అందులో గంధకం 3.5 శాతం. అంటే గంధకం 1.4 టన్నులు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. గంధకం పరమాణు భారం 32. అది కాలినప్పుడు వచ్చి చేరే రెండు ఆక్సిజన్ పరమాణువుల భారం మరో 32. కాబట్టి పొగగొట్టం నుంచి వెళ్లే సల్ఫర్ డయాక్సైడ్ దానికి రెట్టింపు, 2.8 టన్నులు. 2019 చివరి వరకు నడిసముద్రంలో ఇది చట్టసమ్మతమే. 2020 జనవరి 1 నుంచి ఇంధనంలో గంధకం పరిమితి 0.50 శాతానికి దిగింది. అదే ఓడ ఇప్పుడు వదిలేది 0.4 టన్నులు. ఒక్క ఓడ నుంచి ఒక్క రోజులో 2.4 టన్నుల విషవాయువు తగ్గింది. రేవు పక్కనే కాపురం ఉండేవాళ్ల ఊపిరితిత్తులను తలచుకుంటే ఇది నాకు చిన్న అంకెగా అనిపించదు.

ఈ పరిమితి ఓడల కాలుష్యాన్ని అరికట్టే అంతర్జాతీయ ఒప్పందమైన మార్పోల్ ఆరవ అనుబంధంలో ఉంది. 1997లో ఆమోదం పొందిన ఆ అనుబంధం 2005లో అమల్లోకి వచ్చింది. కానీ నడిసముద్రంలో ఏ ఇంధనం కాలుతోందో చూసేవారు ఉండరు. అందుకే ఓడకు ఇంధనం నింపేటప్పుడు ఇచ్చే ఒక కాగితం, ఒక సీసా నియమానికి సాక్ష్యాలవుతాయి. ఈ పాఠంలో ఆ రెండింటినీ చదవడం నేర్చుకుందాం.

కాగితం పేరు బంకర్ డెలివరీ నోట్. బంకర్ అంటే ఓడ ఇంధనం, ఇది అది అందినందుకు రసీదు. ఓడ పేరు, ఐఎంఓ నంబరు (ఓడను గుర్తించే ఏడంకెల సంఖ్య), రేవు, తేదీ, సరఫరాదారు వివరాలు, ఇంధనం రకం, బరువు, 15 డిగ్రీల వద్ద సాంద్రత, గంధకం శాతం అందులో ఉంటాయి. ముందు నంబరు సరిచూడండి. ఏడంకెల్లో మొదటి ఆరింటిని వరుసగా 7, 6, 5, 4, 3, 2తో గుణించి కూడండి. మొత్తంలో చివరి అంకె, నంబరులోని ఏడవ అంకె ఒకటే కావాలి. 9074729 తీసుకుంటే మొత్తం 139, చివరి అంకె 9, సరిపోయింది. రాతలో దొర్లిన తప్పును పట్టుకోవడానికి అర నిమిషం చాలు.

అసలు చూడవలసింది సరఫరాదారు సంతకం చేసిన ప్రకటన. అందులో మూడు గడులు ఉంటాయి: ఒకటి 0.50 పరిమితికి, ఒకటి కొన్ని సముద్రాల్లో వర్తించే 0.10కి, మూడవది కొనుగోలుదారు చెప్పిన మరో పరిమితికి. పొగను నీటితో కడిగే స్క్రబ్బర్ వంటి ఆమోదిత ఏర్పాటు ఉన్న ఓడలు ఎక్కువ గంధకమున్న ఇంధనం కొనేది ఈ మూడవ గడి కింద. మీ ఓడకు అలాంటి ఏర్పాటు లేకుండా ఆ గడిలో గుర్తు కనిపిస్తే సంతకం పెట్టకండి. పైపు కలపకముందే అడగండి. నూనె ట్యాంకులో పడ్డాక దాన్ని వదిలించుకోవడం ఎంత కష్టమో ఇంజిన్ గదిలో పనిచేసినవారికి తెలుసు.

ఇక సీసా. నింపుతున్నంతసేపూ ఓడ మానిఫోల్డ్ (ఇంధనం పైపు ఓడకు కలిసే చోటు) దగ్గర బొట్టుబొట్టుగా పట్టిన నమూనా అది. దానికి ముద్ర వేసి ఇరుపక్షాలూ సంతకం చేస్తాయి. ఇంధనం దాదాపు అయిపోయే వరకు దాన్ని ఉంచాలి, ముందే అయిపోయినా 12 నెలలకు తగ్గకూడదు. రసీదునైతే 3 ఏళ్లు దాచాలి. ముద్రమీది సంఖ్య, రసీదులోని సంఖ్య ఒకటేనా అన్నది మీరే స్వయంగా చూడాలి, ఎవరో చూశారులే అనుకోవద్దు. ఈ సీసా పరీక్షలో 0.50 దాటకూడదు. ఓడలో వాడుతున్న ఇంధనం నుంచి తీసిన నమూనాకు మాత్రం పరీక్షలోని సహజమైన తేడా దృష్ట్యా 0.53 వరకు ఆమోదం ఉంది.

ఇప్పుడు కష్టమైన భాగం. బాల్టిక్, ఉత్తర సముద్రం, ఉత్తర అమెరికా తీరం, అమెరికా అధీనంలోని కరీబియన్ జలాలు, 2025 మే 1 నుంచి మధ్యధరా సముద్రం: వీటన్నిటిలో పరిమితి 0.10. విశాఖ నుంచి సూయజ్ మీదుగా యూరప్ వెళ్లే ఓడ మధ్యధరాలో అడుగుపెట్టేలోపే ఇంధనం మార్చడం పూర్తి కావాలి. మార్పు ముగిసిన తేదీ, సమయం, ఓడ ఉన్న చోటు, ఒక్కో ట్యాంకులోని తక్కువ గంధకపు ఇంధనం పరిమాణం నమోదు చేయాలి.

ఇంజిన్‌కు ఇంధనం అందించే సర్వీస్ ట్యాంకులో 0.50 శాతం ఇంధనం 20 టన్నులు మిగిలి ఉందనుకోండి. దాని మీద 0.08 శాతం ఇంధనం పోస్తున్నారు. ఎంత పోస్తే 0.10కి దిగుతుంది? దీన్ని తక్కెడలా చూడండి. పాతది టన్నుకు 0.40 పైకి తూగుతుంది, కొత్తది టన్నుకు 0.02 మాత్రమే కిందికి లాగుతుంది. 0.40ని 0.02తో భాగిస్తే 20. ఒక్కో పాత టన్నుకు 20 కొత్త టన్నులు, మొత్తం 400! అంత చోటు ఆ ట్యాంకులో ఎక్కడిది? పాతది 2 టన్నులకు దిగేదాకా కాల్చి ఆపైన పోస్తే 40 టన్నులు సరిపోతాయి. అందుకే అనుభవమున్న చీఫ్ ఇంజనీర్ కలపడం కన్నా ముందు ఖాళీ చేయడం గురించి ఆలోచిస్తాడు.

అభ్యాసం: ట్యాంకులో 0.46 శాతం ఇంధనం 3 టన్నులు ఉంది. పోసేది 0.07 శాతం ఇంధనం. 0.10కి దిగాలంటే ఎన్ని టన్నులు కావాలి? జవాబు రాసి ఉంచుకోండి. పోస్తుండగానే ఇంజిన్ గంటకు 2 టన్నులు కాలుస్తుంటే లెక్క ఎలా మారుతుందో నాలుగవ పాఠంలో దాని మీదే పని చేద్దాం.