పక్క ఫ్యాక్టరీకి ఖజానా నుంచి ఎంత వెళ్లిందో తెలుసుకోవడం ఎలా

మహబూబ్‌నగర్ దగ్గరి దివిటిపల్లిలో 2023 మేలో అమర రాజా బ్యాటరీ కర్మాగారానికి శంకుస్థాపన జరిగినప్పుడు, పదేళ్లలో కంపెనీ 9,500 కోట్ల రూపాయలు పెట్టుబడి పెడుతుందని పత్రికల్లో ప్రముఖంగా వచ్చింది. ఇలాంటి ప్రకటనల్లో కంపెనీ పెట్టేది కనిపిస్తుంది గానీ, ప్రభుత్వం వదులుకునేది చాలా అరుదుగా కనిపిస్తుంది. ఆ రెండో లెక్క కావాలంటే కాగితాల వెంట పడవలసిందే. దివిటిపల్లి అయినా, పోలేపల్లి సెజ్ అయినా, నల్లగొండ వైపు సిమెంటు ఫ్యాక్టరీ అయినా దారి ఒకటే.

అందరూ సబ్సిడీ అని ఒకే మాటగా అనేది నిజానికి ఒకే చెల్లింపు కాదు. తక్కువ ధరకు ఇచ్చిన భూమి, స్టాంపు డ్యూటీ వాపసు, కరెంటు ఛార్జీల్లో కొంత భాగం, పన్ను వాపసు వేర్వేరు పద్దుల్లో ఉంటాయి. టీ-ఐడియా అనే 2014 నాటి తెలంగాణ పారిశ్రామిక ప్రోత్సాహక విధానం కింద పెద్ద పరిశ్రమ నికరంగా కట్టిన రాష్ట్ర జీఎస్టీలో సగం ఏడేళ్ల వరకు వెనక్కి పొందవచ్చు. మెగా ప్రాజెక్టులకైతే ప్రత్యేక ప్యాకేజీ ఉంటుంది. కనుక ముందుగా పరిశ్రమల శాఖ ఆ కంపెనీ పేరిట ఇచ్చిన జీవో కోసం ప్రభుత్వ ఉత్తర్వుల పోర్టల్‌లో వెతకాలి. జీవోలో రాయితీల జాబితా కంటే షరతుల భాగమే ముఖ్యం. ఎన్ని ఉద్యోగాలు, ఎంత గడువు అన్నది అక్కడే తెలుస్తుంది.

తరువాత సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి. భూమి వివరాలకు రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ టీజీఐఐసీకి, మిగతా వాటికి జిల్లా పరిశ్రమల కేంద్రానికి లేదా పరిశ్రమల కమిషనర్ కార్యాలయానికి రాయవచ్చు. రుసుము 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. "సబ్సిడీల వివరాలన్నీ ఇవ్వండి" అని రాస్తే సరైన జవాబు రాదు. ఇలా అడగండి: "ఫలానా జీవో కింద ఈ యూనిట్‌కు ఏ పద్దులో, ఏ సంవత్సరం, ఎంత మంజూరైంది, అందులో ఎంత విడుదలైంది? ఉద్యోగాల షరతు నెరవేరిందని నిర్ధారించిన తనిఖీ నివేదిక ప్రతి ఇవ్వగలరు." మంజూరు వేరు, విడుదల వేరు. ఈ తేడా అడగనివారికి కాగితం మీది అంకె మాత్రమే దక్కుతుంది.

జవాబుకు గడువు 30 రోజులు. వాణిజ్య రహస్యమంటూ సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 8(1)(డి) చూపి నిరాకరించడం మామూలే. యంత్రాల సాంకేతికత రహస్యం కావచ్చేమో గానీ, ఖజానా నుంచి వెళ్లిన డబ్బు రహస్యమనడం నిలిచే వాదన కాదు. సబ్సిడీ పథకాల లబ్ధిదారుల వివరాలను అడగకుండానే ప్రకటించాలని అదే చట్టంలోని సెక్షన్ 4 చెబుతోంది. మొదటి అప్పీలులో ఈ మాటతో పాటు, నిజంగా రహస్యమైన భాగాన్ని తొలగించి మిగతాది ఇమ్మని సెక్షన్ 10 కింద కోరాలి. ఆ అప్పీలుకు 30 రోజుల వ్యవధి ఉంటుంది. అక్కడా తేలకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు చేసుకోవచ్చు.