చచ్చి వేరే లోకంలో పుట్టే కథలు: యానిమేని, లైట్ నావెల్‌ని ఎలా పోల్చాలి

లైట్ నావెల్ అంటే జపాన్‌లో బొమ్మలతో వాల్యూమ్‌లుగా వచ్చే తేలికపాటి నవల, యానిమే అంటే దాన్ని తీసిన జపాన్ కార్టూన్ సిరీస్. మొత్తం సిరీస్ మీద "యానిమే గొప్పదా, నవల గొప్పదా" అని వాదనకు దిగితే అది ఎప్పటికీ తేలదు. ఒక వాల్యూమ్ తీసుకోండి, ఆ కథ నడిచే ఎపిసోడ్లు చూడండి, ఆ ముక్కనే పోల్చండి. నవలలు ఇంగ్లీషులో చదవాల్సిందే, కాబట్టి ముందు చిన్న ముక్కతో మొదలుపెడితే ఓపిక కూడా మిగులుతుంది.

ఏం చూడాలంటే, ముందు హీరో మనసులో మాట. ఇసెకైలో (ఇలా వేరే లోకంలో పడే కథల్ని జపాన్‌లో అలా అంటారు) అసలు మజా అంతా పాత బుర్ర కొత్త ఒంట్లో ఇరుక్కోవడంలోనే ఉంది. మన 'ఈగ'లో నాని ఈగగా పుట్టాక ఒక్క మాట మాట్లాడడు, అయినా వాడి పగ మనకు చేతల్లోనే తెలిసిపోతుంది. ఇసెకై హీరో అలా కాదు, లోపల ఆగకుండా వాగుతూనే ఉంటాడు, నవలలో సగం ఆ వాగుడే. యానిమేలో అది ఏమైందో వెతకండి. 'ముషోకు టెన్సెయ్'లో 34 ఏళ్ల నిరుద్యోగి రూడియస్ అనే పసివాడిగా పుడతాడు. యానిమేలో పిల్లాడి గొంతు ఉచియామా యూమిది, లోపలి పాత మనిషి గొంతు సుగితా తోమొకాజుది. ఆ ముద్దు మొహం మీద ఆ ముదురు గొంతు వినిపించినప్పుడు కలిగే చిరాకు నాకు పుస్తకంలో అంతగా కలగలేదు. అలా చిరాకు పుట్టాలి కూడా, వాడేమీ మంచివాడు కాదు కదా. ఇక్కడ యానిమే గెలిచిందనే అంటాను.

రెండోది వేగం. ఒక వాల్యూమ్‌కి ఎన్ని ఎపిసోడ్లు పడ్డాయో లెక్కేయండి. 'ముషోకు టెన్సెయ్' మొదటి సీజన్ 23 ఎపిసోడ్లలో 6 వాల్యూమ్‌లు, అంటే ఒక్కోదానికి దాదాపు నాలుగు. 'రీ:జీరో' మొదటి సీజన్ 25 ఎపిసోడ్లలో 9 వాల్యూమ్‌లు, మూడు కూడా లేవు (హీరో సుబారు కొత్తగా పుట్టడు, చచ్చినప్పుడల్లా వెనక్కి వస్తాడు, అయినా ఇదే కుటుంబం). ఈ లెక్క చూసి 'రీ:జీరో'ని నరికేశారు అనుకోకండి. సుబారు, అతన్ని ప్రేమించే రెమ్ మాట్లాడుకోవడమే ఉన్న 18వ ఎపిసోడ్‌కి ఎంత టైమ్ ఇచ్చారో చూస్తే, ఎక్కడ కోశారు, ఎక్కడ సాగదీశారు అన్నది మొత్తం లెక్క కంటే ముఖ్యమని మీకే తెలుస్తుంది.

దీనికి ఉల్టా కేసు 'అసెండెన్స్ ఆఫ్ ఎ బుక్‌వార్మ్'. మొదటి మూడు సీజన్లు కలిపి 36 ఎపిసోడ్లు, కథ మాత్రం నవలలోని మొదటి రెండు భాగాలు, అంటే 7 వాల్యూమ్‌లే, లెక్క ప్రకారం తీరిగ్గా నడవాలి. అయినా చాలా పోయింది, ఎందుకంటే ఈ పుస్తకం బలం సంఘటనల్లో లేదు, వివరాల్లో ఉంది. పుస్తకాల పిచ్చి ఉన్న అమ్మాయి చచ్చిపోయి, పుస్తకం కొనే స్తోమత లేని సైనికుడి కూతురు మైన్‌గా పుడుతుంది. మట్టి పలకలు, చెక్క ముక్కలు అన్నీ ప్రయత్నించి చివరికి కాగితం తయారుచేస్తుంది. ఏ చెట్టు బెరడు పనికొస్తుంది, వ్యాపారి బెన్నోతో బేరం ఎలా తెగింది, ఎవరికి ఎంత వాటా, ఇదంతా నవలలో పేజీలకు పేజీలు. పైగా వాల్యూమ్‌ల మొదట్లో, చివర్లో వేరే పాత్రల కళ్లతో మైన్‌ని చూపిస్తారు. మనకు ముద్దుగా కనిపించే పిల్ల ఇంట్లోవాళ్లకీ, ఊళ్లోవాళ్లకీ ఎంత వింతగా ఉందో అక్కడే తెలుస్తుంది. నన్నడిగితే ఈ ఒక్కదానికి నవలే.

చెప్పే క్రమం కూడా చూడండి. 'సాగా ఆఫ్ తాన్యా ది ఈవిల్' యానిమే (2017) నేరుగా యుద్ధంలో మొదలవుతుంది, ఆ క్రూరమైన చిన్నపిల్ల లోపల ఉన్నది ఒక జపాన్ ఉద్యోగి అని రెండో ఎపిసోడ్‌లో గానీ చెప్పరు. నవల ఆ పాత జన్మతోనే మొదలవుతుంది. ఏది ముందు తెలిస్తే మీకు తాన్యా మీద జాలి కలిగింది, ఏది ముందు తెలిస్తే భయం వేసింది? ఈ ప్రశ్న ఒక్కటి వేసుకున్నా పోలిక సగం అయినట్టే.

వాదనకు దిగేముందు ఒకటి కనుక్కోండి, అవతలివాడు చదివింది ఏ నవల? ఈ కథల్లో చాలా వరకు ముందు 'షోసెత్సుకా ని నారో' అనే జపాన్ సైట్‌లో ఉచితంగా వచ్చాయి, తర్వాత రచయితలే మార్చి రాసి పుస్తకాలుగా వేశారు. స్లైమ్‌గా, అంటే జిగురు ముద్దలాంటి జీవిగా, పుట్టే రిమురు కథయితే వెబ్‌లో ఒక దారి, పుస్తకంలో పోనుపోను ఇంకో దారి. "నవలలో అలా లేదు" అనేవాడు వెబ్ వెర్షన్ చదివినవాడైతే మీ ఇద్దరూ వేర్వేరు కథల గురించి కొట్టుకుంటున్నట్టే.

ఏది ముందు? 'ముషోకు టెన్సెయ్', 'రీ:జీరో' అయితే యానిమేతో మొదలుపెట్టండి. తాన్యా కూడా అంతే, లేకపోతే ఆ రెండో ఎపిసోడ్ షాక్ పోతుంది. 'బుక్‌వార్మ్' మాత్రం ఆ మూడు సీజన్లు చూసేసినా మూడో భాగం నుంచి కాకుండా మొదటి వాల్యూమ్ నుంచే చదవండి.