ఇంటి కింద పార్కింగ్‌ను గదిగా మార్చుకునేముందు

భీమవరం, అమలాపురం వైపు చాలామంది పిల్లర్ల మీద ఇల్లు లేపి కింద బండ్లకు వదిలేస్తున్నారు. కొన్నాళ్లకి అక్కడే ఓ గది వేసుకుందామనిపిస్తుంది. పెద్దవాళ్లకి మెట్లెక్కే పని తప్పుతుంది, పిల్లలు ఆడుకోవచ్చు. మంచి ఆలోచనే. కానీ చెమ్మ సంగతి ఎండాకాలంలో చూసి తేల్చుకోకండి. కాలవలకు నీళ్లు ఆపేశాక నేలలో నీరు దిగిపోతుంది, అప్పుడు అన్నీ పొడిగానే కనిపిస్తాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో, చుట్టూ చేలల్లో నీళ్లున్నప్పుడు చూడండి.

చూడటం తేలికే. రెండడుగుల ప్లాస్టిక్ షీటు గచ్చు మీద పరిచి, నాలుగంచులూ టేపుతో గాలి చొరకుండా అంటించి, రెండు రోజులు వదిలేయండి. షీటు అడుగున నీటి చుక్కలు పడితే చెమ్మ భూమిలోంచి వస్తున్నట్టు. ముందు వాటర్‌ప్రూఫింగ్ చేయించాలి, ఆ తర్వాతే టైల్స్. చుక్కలు షీటు పైన పడితే అది గాలిలో తేమ, ఎదురెదురు కిటికీలు పెడితే చాలావరకు తగ్గుతుంది.

గది నేల వీధి రోడ్డు కంటే బాగా ఎత్తుండాలి. మన దగ్గర రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరుగుతుంది, ఇల్లు మాత్రం పెరగదు కదా! ప్లగ్ పాయింట్లు నాలుగడుగుల పైనే పెట్టించి, ఆ గదికి విడిగా ఒక ఎంసీబీ (కరెంటు ఆపే బ్రేకర్ స్విచ్) వేయించండి. వరదొస్తే కింద కరెంటు ఆపేసి పైన ఫ్యాను వేసుకోవచ్చు. ప్లైవుడ్ అల్మరాలు వద్దు, కడప రాయి అరలు చాలు. బాత్రూమ్ కడితే సెప్టిక్ ట్యాంకు పైపుకి నీరు వెనక్కి తన్నకుండా వాల్వు అడగండి. అది మేస్త్రీలు తమంతట తాము చెప్పరు.