ముందు గ్రూపు పెట్టకండి, ముందు రొయ్యల గుంట చూపించండి

వేరే దేశం స్టూడెంట్స్‌తో కలిసి ఏదైనా చేద్దామనుకోగానే మనం మొదట చేసేది వాట్సాప్ గ్రూపు పెట్టడం. ముప్పై మంది చేరతారు, హాయ్‌లు, జెండా బొమ్మలు, బిర్యానీ ఫొటోలు, వారం తిరిగేసరికి గుడ్ మార్నింగ్ పెట్టేవాడు కూడా ఉండడు. ఒక గ్రూపుని నేనే అట్లా చంపేశాను కాబట్టి చెప్తున్నా, ముందు పని వెతుక్కోండి. చిన్నదై ఉండాలి, అక్కడా ఇక్కడా కళ్లకు కనబడేదై ఉండాలి.

నెల్లూరు వాళ్లకి దీనికోసం పెద్దగా తిరగాల్సిన పని లేదు. విడవలూరు, ఇందుకూరుపేట వైపు గుంటల్లో పెంచే వనామీ అసలు మన రొయ్యే కాదు, పసిఫిక్ తీరం నుంచి వచ్చింది, మన దేశంలో దీనికి అనుమతిచ్చింది 2009లో. ఇదే రొయ్యని వియత్నాంలో మెకాంగ్ డెల్టాలోనూ, దాని సొంత తీరమైన ఈక్వెడార్‌లోనూ పెంచుతున్నారు. అంటే ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీ అమ్మాయికీ, వియత్నాంలోని కాన్ థో యూనివర్సిటీలో ఆక్వాకల్చర్ (చేపలు, రొయ్యల పెంపకం) చదివే అబ్బాయికీ మొదటి రోజే బోలెడు మాటలుంటాయి.

మనుషుల్ని పట్టుకోవడానికి అక్కడి డిపార్ట్‌మెంట్ ఫేస్‌బుక్ పేజీ చూడండి, వియత్నాంలో ఫేస్‌బుక్, జాలో అనే వాళ్ల మెసేజింగ్ యాప్ బాగా వాడతారు. "మీతో స్నేహం చేయాలనుంది" అని మాత్రం రాయకండి, మోసగాడి మెసేజ్‌లా ఉంటుంది. ఏరియేటర్లు (నీళ్లకి గాలి పట్టించే చక్రాలు) తిరుగుతున్న గుంట ఫొటో పెట్టి, "మా దగ్గర ఎకరాకి ఇంత సీడ్ (రొయ్య పిల్లలు) వేస్తారు, మీ దగ్గర ఎంత?" అని ఒక్క ప్రశ్న అడగండి. ఇద్దరో ముగ్గురో జవాబిస్తే చాలు, అదే టీము.

పేర్ల దగ్గర జాగ్రత్త. వియత్నాం వాళ్లకీ మనలాగే ఇంటిపేరు ముందు, అసలు పేరు చివర. అక్కడ చాలామందికి ఉండే ఇంటిపేరు న్యుయెన్, అలా పిలిస్తే క్లాసులో సగం మంది తిరిగి చూస్తారు. అవతల వాళ్లు మిమ్మల్ని ఇంటిపేరుతో పిలుస్తుంటే నవ్వుకుని ఊరుకోకండి, ఏమని పిలవాలో మొదటి మెసేజ్‌లోనే చెప్పేయండి. ఇంకొకటి, సాటి స్టూడెంట్‌ని సర్ అనకండి బాబూ.

అసలు చిక్కు లెక్కల్లో వస్తుంది. మనకి 30 కౌంట్ అంటే కిలోకి 30 రొయ్యలు. అమెరికా మార్కెట్ రిపోర్టులో 30 అంటే చాలాసార్లు పౌనుకి, అంటే 454 గ్రాములకి, అదీ తల తీసేశాక. అంకె ఒకటే, రొయ్య మాత్రం మన 30 కంటే చిన్నది. ఇది చూసుకోకుండా రెండు దేశాల రేట్లు పక్కపక్కన పెట్టేసి "మన రైతుకి అన్యాయం" అని పోస్టు కొడితే పరువు పోతుంది. అందుకే గూగుల్ షీట్‌లో మొదటి వరుసలోనే కిలోకా పౌనుకా, తలతోనా తల లేకుండానా అని రాసుకోండి. ఎకరాల్ని హెక్టార్లలోకి మార్చండి, ఒక హెక్టారు అంటే దాదాపు 2.47 ఎకరాలు. లక్షల్ని సున్నాలతో రాయండి. అంకణాలు మన ఇళ్ల స్థలాలకే ఉంచుకోండి.

తర్వాత "చూద్దాం". శుక్రవారానికి మేత వివరాలు తెస్తావా అని అడిగితే నేను ఇంగ్లీషులో అదే మాట రాశాను. మన దగ్గర చూద్దాం అంటే ఏంటో చిన్నపిల్లలకి కూడా తెలుసు, వాళ్లకి తెలీదు కదా, శుక్రవారం అంతా ఎదురుచూశారు. ఇప్పుడు కుదరకపోతే కుదరదనే రాస్తున్నా. థంబ్స్ అప్ కూడా అంతే, అది "చూశాను"నా, "ఒప్పుకున్నాను"నా అని ముందే తేల్చుకోండి.

టైము గురించి పెద్ద టెన్షన్ లేదు. వియత్నాం మనకంటే గంటన్నర ముందు, ఈక్వెడార్ పదిన్నర గంటలు వెనక, మన సాయంత్రం ఏడు వాళ్లకి ఉదయం ఎనిమిదిన్నర. మన సంక్రాంతికి మనం, టెట్ అనే వాళ్ల కొత్త సంవత్సరం పండగకి వాళ్లు దొరకరు. కాల్‌లో అనుకున్నవి అదే రోజు రెండు లైన్లలో రాసి పెట్టండి, తారీఖులో నెల పేరు అక్షరాల్లో రాయండి. ఫొటోలు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే క్లారిటీ పోదు.

గుంట ఫొటో పెట్టేముందు రైతుని అడగాలి. రొయ్యకి జబ్బు ఉందని నలుగురికీ తెలిస్తే కొనేవాడు రేటు తగ్గిస్తాడు, మీకది ప్రాజెక్టు, ఆయనకి పంట. ఊరు, మొహం, ఫోన్ నంబరు కనబడకుండా చూసుకోండి. అవతలి నుంచి ఎవరైనా స్కాలర్‌షిప్ ఫీజు కట్టమన్నారా, వెంటనే బ్లాక్ చేయండి.

మొదటి పని పదిహేను రోజుల్లో తేలిపోయేలా పెట్టుకోండి, రెండు గుంటల ఫొటోలు పక్కపక్కన, కింద రెండు భాషల్లో నాలుగు లైన్లు, చాలు. తెలుగు లైన్లు మాత్రం మీరే రాయండి, అనువాదం చేసే యాప్‌కి వదిలేస్తే మా రొయ్యల గుంట కాస్తా రొయ్యల గొయ్యి అయి కూర్చుంది.