ప్రోగ్రామింగ్‌లో చిక్కుపడ్డప్పుడు సాయం అడిగే పద్ధతి

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను కొత్తగా నేర్చుకునేవారికి తొలి రోజుల్లోనే ఎదురయ్యే ఒక తప్పును ఉదాహరణగా తీసుకుందాం. వాడుకరి వయసును ఇన్‌పుట్ ఫంక్షన్‌తో తీసుకుని దానికి ఒకటి కలపబోతే, ప్రోగ్రామ్ ఆగిపోయి, తప్పు ఎక్కడ జరిగిందో చెప్పే ట్రేస్‌బ్యాక్ సందేశం తెర మీదికి వస్తుంది. దాన్ని చూసి బెదిరి ఆన్‌లైన్ ఫోరంలో "నా కోడ్ పనిచేయడం లేదు, అర్జెంటుగా సాయం చేయండి" అని రాస్తే, ఎంతటి అనుభవజ్ఞుడైనా తిరిగి నాలుగు ప్రశ్నలు వేయడం తప్ప చేయగలిగింది ఉండదు.

ముందుగా ఆ సందేశాన్ని కింది నుంచి చదవాలి. తప్పు పేరు చివరి వరుసలోనూ, అది జరిగిన ఫైలు, వరుస సంఖ్య దానికి కాస్త పైననూ ఉంటాయి. ఇక్కడ టైప్‌ఎర్రర్ అని, స్ట్రింగ్‌కు (అక్షరాల రూపంలోని విలువకు) స్ట్రింగ్‌నే తప్ప పూర్ణాంకాన్ని కలపలేమని ఉంటుంది. ఆ వరుసను సెర్చ్ చేస్తే, పైథాన్ 3లో ఇన్‌పుట్ ఎప్పుడూ స్ట్రింగ్‌నే ఇస్తుందనీ, ఇంట్ ఫంక్షన్‌తో దాన్ని పూర్ణాంకంగా మార్చుకోవాలనీ తెలుస్తుంది. 2020 జనవరి 1తో మద్దతు ముగిసిన పైథాన్ 2లో ఇన్‌పుట్ వేరుగా పనిచేసేది కనుక, పాత సమాధానాల తేదీ చూడకుండా వాటిని నమ్మరాదు.

అప్పటికీ చిక్కు వీడకపోతే కోడ్‌ను తగ్గించాలి. అసలు శ్రమంతా ఇక్కడే ఉంది. ప్రాజెక్టుకు ఒక కాపీ తీసుకుని, తప్పుతో సంబంధం లేదనిపించిన భాగాలను ఒక్కొక్కటిగా తీసేస్తూ, ప్రతిసారీ నడిపి, అదే తప్పు ఇంకా వస్తోందో లేదో చూస్తూ పోతే చివరికి కొద్ది వరుసలే మిగులుతాయి. ఫైలు నుంచి చదివే విలువలను నేరుగా కోడ్‌లోనే రాస్తే, చదివేవారు తమ కంప్యూటర్‌లో వెంటనే నడిపి చూడగలరు. ఈ పని సగంలో ఉండగానే కారణం దొరికిపోవడం చాలా మామూలు.

ఆ కోడ్‌తో పాటు ఇచ్చిన ఇన్‌పుట్, ఆశించిన ఫలితం, వచ్చిన ఫలితం, పూర్తి ట్రేస్‌బ్యాక్, పైథాన్ వెర్షన్ రాయాలి. స్క్రీన్‌షాట్ నుంచి కోడ్‌ను నేరుగా కాపీ చేసుకోలేరు, తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడే అంధులకు అది వినిపించదు. కాబట్టి అంతా అక్షరాల్లోనే, ఇండెంటేషన్ (వరుసల మొదట్లో వదిలే ఖాళీ) చెదరకుండా, కోడ్‌ను ఉన్నదున్నట్టు చూపే కోడ్ బ్లాక్‌లో పెట్టాలి. పాస్‌వర్డ్‌లు, ఏపీఐ కీలు (ఆన్‌లైన్ సేవలను ప్రోగ్రామ్ వాడుకోవడానికి ఇచ్చే రహస్య సంకేతాలు) ముందే తొలగించాలి. పొరపాటున బయటపడిన కీని రద్దు చేయాలే తప్ప తుడిచేస్తే చాలదు.

అసలు సాధించదలచినదేమిటో కూడా చెప్పాలి. స్ట్రింగ్ చివరి అక్షరాన్ని ఎలా తీయాలని అడిగేవారికి, తీరా చూస్తే, వరుస చివరి న్యూలైన్‌ను (వరుస ముగిసిందని తెలిపే, కంటికి కనిపించని గుర్తును) వదిలించుకోవడమే కావలసి ఉంటుంది. చివరి అక్షరాన్ని గుడ్డిగా కోస్తే న్యూలైన్ లేని ఆఖరి వరుసలో అసలు అక్షరమే పోతుంది.

ఇంగ్లిష్ బాగా రాదని మన విద్యార్థులు చాలామంది సంకోచిస్తారు. కోడ్, ఎర్రర్ సరిగ్గా ఉంటే పొట్టి వాక్యాలు చాలు. సర్ అన్న సంబోధన, క్షమాపణలు అక్కర్లేదు. కాలేజీ అసైన్‌మెంటైతే ఆ మాట చెప్పి, తాము చేసినంత చూపాలి. జవాబిచ్చినవారికి వ్యక్తిగత సందేశాలు పంపి వెంటపడటం మర్యాద కాదు. వచ్చిన జవాబును నడిపి చూసి ఫలితం తెలపాలి. సొంతంగా పరిష్కరించుకుంటే "దొరికింది, థాంక్స్" అని ఊరుకోకుండా, ఏ వరుస ఎలా మార్చారో అక్కడే రాయాలి.