టీవీ పెట్టుకునే నిద్రపోయే అలవాటు మానడం ఎలా?

కోనసీమలో రాత్రి పదకొండు దాటాక ఏ వీధిలో నడిచినా ఒకటి రెండు కిటికీల్లో నీలి వెలుగు కదులుతూ కనిపిస్తుంది. లోపల మంచం మీద ఒక పెద్దావిడ నిద్రపోతూ ఉంటుంది, టీవీ దాని పాటికది మాట్లాడుతూ ఉంటుంది. పిల్లలు హైదరాబాద్‌లోనో కువైట్‌లోనో ఉంటారు. ఆ ఇంట్లో టీవీయే మనిషి అలికిడి. అలాంటివారికి ‘కట్టేసి పడుకోండి’ అని చెప్పి ఊరుకుంటే ఏమీ మారదు. ముందు వెలుగు తీసేయాలి, గొంతును ఆ తర్వాత మెల్లగా తగ్గించాలి.

వెలుగు ముందెందుకంటే, మూసిన రెప్పల మీదుగా కూడా అది లోపలికి వెళుతుంది. నిద్రకు సాయపడే మెలటోనిన్ అనే హార్మోను తగ్గవచ్చు. 2022లో అమెరికాలో 20 మందిని పరీక్షించారు. ఒక్క రాత్రి ఓ మోస్తరు వెలుగులో పడుకున్నవారికి గుండె వేగం పెరిగింది, మర్నాడు ఉదయం ఇన్సులిన్ పనితనం తగ్గింది. ఇంట్లో షుగరు ఉన్నవారుంటే ఈ మాట తేలికగా తీసుకోకండి.

మొదటి వారం టైమర్ పెట్టండి. రిమోట్‌లో సెట్టింగ్స్‌లోకి వెళితే ‘స్లీప్ టైమర్’ ఉంటుంది. 60 నిమిషాలతో మొదలుపెట్టండి. చాలా టీవీల్లో దీన్ని ప్రతి రాత్రీ కొత్తగా పెట్టాలి. పెద్దవారికి అది కష్టం, మర్చిపోతారు. రోజూ ఒకే వేళకు ఆగిపోయే ‘ఆఫ్ టైమర్’ ఉంటే ఇంటికి వచ్చినప్పుడు మీరే ఒకసారి అమర్చి వెళ్లండి. తెర వెలుతురును బాగా తగ్గించండి. తెర ఆపి శబ్దం మాత్రమే ఉంచే వీలు కొన్ని టీవీల్లో ఉంటుంది, దొరికితే అదే అన్నిటికన్నా మేలు.

రెండో వారం నుంచి నాలుగు రోజులకోసారి 15 నిమిషాలు తగ్గించుకుంటూ రండి. ఇక్కడ తొందరపడకూడదు. శబ్దం ఒక్కసారిగా ఆగిపోతే కొందరికి మెలకువ వస్తుంది, భయం కూడా వేస్తుంది. అలాంటివారికి రేడియోనో, తెర ఆపిన ఫోనులో తక్కువ శబ్దంతో భక్తిగీతాలో పెట్టండి. ప్రకటనలు రానివైతే, మధ్యలో శబ్దం పెరిగి ఉలిక్కిపడే బాధ ఉండదు.

వేసవి ఉక్కపోతలో వరండాలో దోమతెర కట్టి మంచం వేసుకుంటే సగం పని అయిపోయినట్టే, టీవీ లోపలి గదిలో ఉండిపోతుంది. రాత్రి లేవాల్సి వస్తే నేలకు దగ్గరగా ఎర్రటి చిన్న దీపం చాలు. పిడుగులు పడేలా ఉన్న రాత్రి మాత్రం టైమర్‌కు వదిలేయకుండా, పడుకునే ముందే టీవీ, సెట్‌టాప్ బాక్సు ప్లగ్గులు తీసేయండి.

భీమవరం వైపు రొయ్యల చెరువుల వారి సంగతి వేరు. తెల్లవారుజామునే నీటిలో ప్రాణవాయువు బాగా పడిపోతుంది కాబట్టి ఏరియేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) చూసుకోవడానికి లేవక తప్పదు. నిద్ర పట్టేయకూడదని గట్టు మీది షెడ్డులో రాత్రంతా టీవీ నడపడం మాత్రం వద్దు. అలారం పెట్టి చీకట్లో పడుకోండి, ఉన్న నాలుగు గంటలైనా గట్టి నిద్ర పడుతుంది.

వారానికి మూడు రాత్రులు, మూడు నెలలుగా నిద్ర పట్టకపోతుంటే, లేదా గురకలో ఊపిరి ఆగుతున్నట్టు అనిపిస్తే వైద్యుడి దగ్గరకు వెళ్లాలి.

దూరాన ఉన్న పిల్లలు ఒక పని చేయండి. రాత్రి తొమ్మిదిన్నరకు అమ్మకు ఫోను చేయండి. కువైట్‌లో అప్పటికి ఏడే అవుతుంది. ఆమె టీవీ పెట్టుకునే వేళకు మీ గొంతు వినిపించాలి.