వెన్ను ఆపరేషన్ తర్వాత మళ్లీ మన కాళ్ల మీద - 3వ పాఠం: మంచం దిగడం

పోయిన పాఠంలో పడుకునే చేసే పాదాల కసరత్తు, పొట్ట బిగించడం నేర్చుకున్నాం. ఈసారి మంచం దిగి కమోడ్ దాకా వెళ్లి రావడం. నడుము ఆపరేషన్ అయి రీహాబ్ వార్డుకి వచ్చినవాళ్లని ముందుగా ఏం కావాలని అడిగితే, చాలామంది చెప్పేది ఒకటే: "బాత్రూంకి నా అంతట నేను వెళ్లాలమ్మా." బెడ్‌పాన్ బాధ పడ్డవాళ్లకే తెలుస్తుంది.

మొదట మంచం ఎత్తు చూసుకోండి. అంచున కూర్చుంటే పాదాలు నేలకి పూర్తిగా ఆనాలి, తుంటి మోకాళ్ల కన్నా కాస్త పైనే ఉండాలి. నులక మంచాన్నీ, కింద పరిచిన పరుపునీ కొన్నాళ్లు మర్చిపోండి. డాక్టరు బెల్టు రాసి ఉంటే, అది ఎప్పుడు పెట్టుకోవాలో ఆయన్నే అడగండి. ఒక్కొక్కరికి ఒక్కోలా చెబుతారు.

ఇక అసలు విద్య. మేం దీన్ని లాగ్ రోల్ అంటాం, అంటే దుంగలా దొర్లడం. దుంగ ఒక కొస ముందు, ఇంకో కొస తర్వాత దొర్లదు కదా! వెల్లకిలా పడుకుని ఒక్కో మోకాలే మడవండి. కుడివైపు దిగాలనుకుంటే ఎడమ చేతిని ఛాతీ మీదుగా కుడివైపుకి తీసుకెళ్తూ భుజం, తుంటి, మోకాళ్లు కలిపి ఒక్కసారే తిప్పండి. ఊపిరి బిగపట్టొద్దు. సరిగ్గా తిరిగారో లేదో తెలియాలంటే ఒక గుర్తు: ముక్కు, బొడ్డు, మోకాలి చిప్పలు మూడూ ఒకే గోడని చూస్తుండాలి. భుజం వెళ్లిపోయి తుంటి వెనకబడితే నడుము మెలిపడినట్టే. మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుంటే ఈ తప్పు తగ్గుతుంది.

పక్కకి తిరిగాక పాదాలని అంచు దాటించి కిందికి వదలండి. అదే క్షణంలో కింది మోచేత్తో, పై అరచేత్తో పరుపుని నొక్కుతూ లేవండి. తక్కెడలో ఒక పళ్లెం దిగితే రెండోది లేచినట్టు, కాళ్ల బరువే ఒంటిని లేపుతుంది. ఒకటి ముందు, ఒకటి తర్వాత చేస్తే నొప్పి పట్టేస్తుంది.

ఇక్కడే ఇంట్లోవాళ్లు అడ్డొస్తారు, ప్రేమతోనే. ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు లేవబోయిన ప్రతిసారీ ఆయన భార్య చెయ్యి పట్టి లాగేవారు. లాగినప్పుడల్లా నడుము మెలితిరిగి ఆయన "అబ్బా" అనేవారు. "అమ్మగారూ, కాసేపు ఆ రెండు చేతులూ కొంగులో చుట్టుకోండి" అన్నాను. ఆవిడ నిజంగానే చుట్టుకున్నారు. మాస్టారు 3 సార్లు ఆగి, 4వసారి లేచి కూర్చున్నారు.

రీహాబ్‌లో ఎఫ్ఐఎం అని ఒక కొలత ఉంది, రోజువారీ పనులు ఎంతవరకు సొంతంగా చేసుకోగలమో చూడటానికి. 18 పనులు, ఒక్కోదానికి 1 నుంచి 7 దాకా మార్కులు. 4 అంటే పనిలో ముప్పాతిక వంతో, అంతకన్నా ఎక్కువో మీరే చేశారు, మిగతాది ఇంకొకరి చెయ్యి. 5 అంటే పక్కన మనిషి ఉన్నా చెయ్యి వెయ్యలేదు. 6 అంటే వాకర్ లాంటి పరికరంతో, మనిషి అవసరం లేకుండా. 4 నుంచి 5కి రావడానికి ఎక్కువ కష్టపడేది పేషెంటు కాదు, పక్కవాళ్లేనని నా అనుభవం. మాస్టారికి ఆ రోజు 5 వేస్తే, "ఏడుకి ఐదంటే 71 శాతం, ఫస్ట్ క్లాసే" అన్నారు.

కూర్చున్నాక ఒకటి రెండు నిమిషాలు ఆగండి, కళ్లు తిరగొచ్చు. తర్వాత అంచుకి జరిగి, పాదాలు కాస్త వెనక్కి పెట్టి, వీపు వంచకుండా తుంటి దగ్గర ముందుకి వాలి లేవండి. చేతులతో మంచాన్ని నొక్కాలి, వాకర్‌ని పట్టుకుని లాగకూడదు. లాగితే అది మీ మీదకే ఒరుగుతుంది.

కమోడ్ దగ్గర అందరూ మర్చిపోయేది జెట్ స్ప్రే. అది చాలా ఇళ్లలో పక్కన, కాస్త వెనగ్గా ఉంటుంది. కూర్చున్నాక దానికోసం తిరిగితే ఇందాక పడ్డ కష్టమంతా వృథా. కూర్చోకముందే తీసి అందేచోట పెట్టుకోండి. సీటు తక్కువ ఎత్తులో ఉంటే పైన బిగించే ప్లాస్టిక్ సీటు దొరుకుతుంది. నొప్పి మాత్రల్లో ట్రమడాల్ లాంటివి మలబద్ధకం తెస్తాయి. ముక్కడం కూడా నడుముకి భారమే, సిగ్గుపడకుండా నర్సుకి చెప్పండి.

మళ్లీ పడుకోవడం ఇదంతా తిరగేసి: కూర్చుని, మోచేతి మీద పక్కకి వాలుతూ కాళ్లు పైకి తీసి, దుంగలా వెల్లకిలా.

తొడల మధ్య మొద్దుబారినా, మూత్రం రాకపోయినా, తెలియకుండానే మూత్రం పడిపోయినా, కాలిలో కొత్తగా బలం తగ్గినా ఆ పూట సాధన ఆపి వెంటనే డాక్టరుకి చెప్పండి. తెల్లారేదాకా ఆగొద్దు.

హోంవర్క్: రోజూ 4 సార్లు మంచం దిగి ఎక్కండి. చెయ్యి వేసిన ప్రతిసారీ పక్కనున్నవాళ్లే నోటుపుస్తకంలో గీత గియ్యాలి. ఆ గీతలతోనే వచ్చే పాఠం, మెట్లు, మొదలుపెడదాం.